ఆరో రౌండులో మోగింది నేను కాదు

నేను ఒక ఇత్తడి గంటను. దేవుడి ముందు మోగే అదృష్టం నాకు పట్టలేదు, బడి పిల్లల్ని ఇంటికి పంపించే పుణ్యమూ దక్కలేదు. ఇద్దరు మనుషులు ఒకరినొకరు కొట్టుకోవడం ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో చెప్పడమే నా ఉద్యోగం. బాక్సింగు గంటను. విశాఖపట్నంలో నలభై ఏళ్లు చేశానీ ఉద్యోగం, ఒక్కసారి కూడా తప్పు మోగలేదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను తప్పు మోగానని ఒక కమిటీ కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి, సీలు కూడా వేసింది. ఆ కాగితం తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఇత్తడి ముద్దకు కోపమేమిటని నవ్వకండి. మొత్తం వినండి, తర్వాత మీకే వస్తుంది.

హార్బరులో ముక్కలు చేసిన, ఓడల్ని లాగే ఒక పాత టగ్గు పడవ కుళాయిలూ, కిటికీ చట్రాలూ కరిగించి కంచరపాలెంలో ఒక మేస్త్రి నన్ను పోతపోశాడు. పోర్టు కార్మికులు చందాలు వేసుకుని చేయించుకున్న గంటను. బోర్లించిన కంచంలా ఉంటాను, కింద టేకు పలక, పక్కన చిన్న సుత్తి. చల్లారాక మేస్త్రి ఒక దెబ్బ కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, "దీని మోత ఇప్పట్లో ఆగీలా లేదు, బావూ" అని నవ్వాడు. ఆయన మురిసిపోయాడు గానీ, ఆ మోతే మొదటి రోజు కొంప ముంచింది.

పోర్టు వెనక రేకుల షెడ్డులో పెట్టారు క్లబ్బు. రౌండు అయిందని నన్ను కొడితే నా మోత రేకులకు తగిలి తిరిగొచ్చేది. అది అయిపోయిన రౌండు గంటో, కొత్త రౌండు గంటో తెలియక రింగులో ఇద్దరూ వెర్రి మొహాలు వేసుకుని నిలబడ్డారు. జనం ఒకటే నవ్వు. అప్పుడు టైము చూసే బల్ల దగ్గర కూర్చున్న కోదండరావు మాస్టారు ఒక పని చేశాడు. సుత్తితో కొట్టి, వెంటనే అరచేయి నా ఒంటి మీద అదిమిపెట్టాడు. 'టంగ్'మని మోగి అక్కడికక్కడే ఆగిపోయాను.

అది మొదలు నలభై ఏళ్లూ అంతే. ఎడమచేతిలో ఆకుపచ్చ తాడు కట్టిన స్టాప్‌వాచీ, కుడిచేతిలో సుత్తి. కొట్టడం, సుత్తి వదిలేయడం, అరచేయి పెట్టడం. ఆయన పగలంతా పోర్టులో క్రేను నడిపేవాడు, సాయంత్రం నా దగ్గరికొచ్చేవాడు. ఆ అరచేతికి ఇత్తడి వాసన పట్టేసి అన్నంలో కూడా అదే వాసనని వాళ్లావిడ పోయేదాకా సణుగుతూనే ఉంది.

ఆ రోజుల్లో గెలిచినవాడికి స్టీలు బకెట్టు ఇచ్చేవారు. ఓడినవాడికి టవలు. పోటీ అయ్యాక ఇద్దరూ ఒకే బండి దగ్గర నిలబడి ఒకే ప్లేటులో మిరపకాయ బజ్జీలు తినేవారు. పెదవి చిట్లినవాడికి కారం తగిలితే రెండోవాడు ఊదేవాడు. మనుషులు విచిత్రమైనవాళ్లు, కొట్టుకున్నాక ఇంకా దగ్గరవుతారు. నాకు అది చూడటమంటే ఇష్టంగా ఉండేది.

పోలిరాజు అక్కడే తయారయ్యాడు. జాలరిపేట పిల్లాడు, వాసుపల్లివాళ్ల కుర్రాడు. పన్నెండేళ్లప్పుడు వచ్చి, నేను మోగాక కూడా అవతలివాడి కడుపులో ఒకటి గుద్దాడు. మాస్టారు రింగు ఎక్కి వాడి చెవి మెలిపెట్టాడు.

"గంట మోగితే చెయ్యి దిగాలిరా. గంట తర్వాత కొట్టినోడు బాక్సరు కాడు, వీధి రౌడీ. తెలిసిందా?"

తెలిసింది. ఎంత తెలిసిందంటే, పన్నెండేళ్లు గడిచేసరికి పోలిరాజు ఆలోచించాల్సిన పని లేకుండా పోయింది. నేను మోగితే వాడి చేతులు వాటంతటవే దిగిపోయేవి. ఒకసారి వాడు బయట అరటిపళ్లు తింటుంటే లోపల నన్ను కొట్టారు, చేతిలో పండు కిందపడింది. వాడి భార్య నూకరత్నం పడీ పడీ నవ్వింది. "ఇంట్లో కూడా ఒక గంటెట్టీసుకుంటే బాగుణ్ణు, కోపమొచ్చినప్పుడు పనికొస్తాది" అంది.

సరే, ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత కంపెనీ వచ్చింది.

నిరంజన్ అని ఒక పెద్దమనిషి, తెల్ల బూట్లు, చేతిలో ఎప్పుడూ మోగే ఫోను. పోటీలు పెడతారట, వాటిని యాప్‌లో చూపిస్తారట, ఒక్కో పోటీ చూడటానికి ఒక్కొక్కరూ నూట తొంభై తొమ్మిది రూపాయలు కట్టాలట. కట్టినవాళ్లకే తెర తెరుచుకుంటుంది. పోలిరాజు ఎనిమిది రౌండ్ల పోటీ ఆడి గెలిస్తే తర్వాత జాతీయ టైటిలుకి పోటీ. వాడు పన్నెండేళ్లుగా చూసిన దారి అది. సంతకం పెట్టేశాడు. పెట్టడా మరి?

ఆ తర్వాత మొదలైంది తమాషా. ప్రత్యర్థి హర్యానా నుంచి వచ్చిన జస్బీర్ అనే కుర్రాడు, మంచివాడే. ఇద్దరినీ కెమెరా ముందు ఎదురెదురుగా నిలబెట్టి తిట్టుకోమన్నారు. తిట్టుకుంటే టికెట్లు అమ్ముడుపోతాయట. పోలిరాజు కాసేపు ఆలోచించి, "బాగున్నారా, బోయనం చేసినారా?" అని అడిగాడు. నిరంజన్ తల పట్టుకున్నాడు. చివరికి జస్బీర్ బొమ్మ పక్కన పోలిరాజు అననే అనని బూతు ఒకటి వాడి పేరుతో రాసి ఊరంతా అంటించారు. చేపల మార్కెట్టులో వాళ్లమ్మ అది చూసి రెండు రోజులు వాడితో మాట్లాడలేదు.

ఇక పోటీ వేళ సంగతి. మే నెల, ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలు! ఎందుకయ్యా అంటే, సాయంత్రం క్రికెట్ ఉంది, అప్పుడు బాక్సింగుకి ఎవడు డబ్బు కడతాడు అన్నారు. విశాఖలో మే నెల మధ్యాహ్నం రేకుల కింద రెండు నిమిషాలు నిలబడి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది. పెద్దవాళ్ల సోఫాల దగ్గర ఏసీలు పెట్టారు. కెమెరాలు వేడెక్కి ఆగిపోతాయని వాటికి కూడా ఏసీ పెట్టారు. రింగులో దెబ్బలు తినే ఇద్దరికీ ఒక టేబుల్ ఫ్యాను. సిగ్గుండాలి!

పోటీ ముందు రోజు ఒక సౌండు మనిషి మైకు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. పాత గంట, అసలైన గంట, దీని గొంతు యాప్‌కి కావాలన్నాడు. నేను కాస్త పొంగిపోయాను కూడా, ఎందుకు దాచాలి. మాస్టారు అలవాటుగా కొట్టి అరచేయి పెట్టాడు.

"అంకుల్, చెయ్యి పెట్టకండి. మోత చివరిదాకా కావాలి" అన్నాడు వాడు.

మాస్టారు అయిష్టంగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నలభై ఏళ్లలో మొదటిసారి తనివితీరా మోగాను. నా మోత ఆ షెడ్డంతా తిరిగి, సన్నగా సన్నగా సాగి, ఎప్పటికో ఆగింది. వాడు బొటనవేలు పైకెత్తి వెళ్లిపోయాడు. అంతే, నా గొంతు వాళ్లదైపోయింది. నన్ను ఒక్క మాట అడగలేదు, మాస్టారినీ అడగలేదు.

పోటీ రోజు రానే వచ్చింది. అయిదు రౌండ్లు అయ్యేసరికి పోలిరాజుదే పైచేయి. జస్బీర్ కాళ్లు బరువెక్కాయి. మాస్టారు చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, చెమట కళ్లలోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ స్టాప్‌వాచీ చూస్తున్నాడు. అరవై ఏడేళ్ల మనిషి. బల్ల మీద నేను, నాకెదురుగా పెద్ద తెర.

ఆరో రౌండు. మూడు నిమిషాల రౌండులో ఒక నిమిషం యాభై రెండు సెకన్లు. ఆ తెర మీద బంగారు రంగు అక్షరాలు మెరిశాయి: 'లక్ష మంది కొన్నారు! ధన్యవాదాలు!' లక్షో మనిషి నూట తొంభై తొమ్మిది రూపాయలు కట్టాడని వాళ్ల సంబరం. ఆ సంబరానికి స్పీకర్లలోంచి ఒక గంట మోగించారు.

నా గొంతు! బల్ల మీద నేను కదలకుండా కూర్చుని ఉన్నాను, పైనుంచి నా గొంతు మోగింది.

పోలిరాజు చేతులు దిగిపోయాయి. వాడు తెరకేసి చూడలేదు, ఎందుకు చూస్తాడు? గంట మోగింది, చెయ్యి దించాడు. జస్బీరుకి ఈ గంట కొత్త. వాళ్ల ఊళ్లో కరెంటు బజరు మోగుతుందట, గంట కాదు. వాడి కుడిచెయ్యి అప్పటికే బయల్దేరింది. ఎడమ కంటి మీద తగిలింది. పోలిరాజు వెల్లకిలా పడిపోయాడు. రిఫరీ ఒక్క క్షణం తటపటాయించి, తర్వాత అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రౌండు ఇంకా ఉందిగా మరి, రూలు ప్రకారం దెబ్బ న్యాయమే!

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను, జాగ్రత్తగా వినండి. స్పీకరులో ఆ గంట మోగగానే మాస్టారు ఉలిక్కిపడి, అలవాటు చొప్పున అరచేయి తెచ్చి నా మీద పెట్టేశాడు. నేను మోగలేదు, నా ఒంట్లో వణుకు లేదు. అయినా పెట్టాడు. నలభై ఏళ్ల అలవాటు అది, గంట వినబడితే ఆ చెయ్యి ఆగదు. కెమెరా ఒకటి సరిగ్గా ఆ చేతిని పట్టుకుంది.

పోలిరాజు ఎడమ కన్ను పోయింది. లోపలి పొర ఊడిందన్నారు, రెండు ఆపరేషన్లు చేశారు, మిగిలింది మసక నీడ. జస్బీర్ రెండు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. కంపెనీ మాత్రం ఖాళీగా కూర్చోలేదు. ఆ దెబ్బ ఒక్కటీ ముక్క కోసి, నలభై తొమ్మిది రూపాయలకు విడిగా అమ్మింది. పడిపోయిన మనిషి ఇంకా కళ్లు తెరవకముందే అమ్మింది. ఏమనాలి వీళ్లని?

జనం గోల చేస్తే బాక్సింగు సంఘంవాళ్లు కమిటీ వేశారు. మా తెర మీద అక్షరాలే వచ్చాయి, శబ్దం రాలేదు అని నిరంజన్ రాసిచ్చాడు. పైగా మాస్టారి చెయ్యి నా మీద ఉన్న ఆ వీడియో ముక్క, శబ్దం లేకుండా, చూపించాడు. వృద్ధుడు, ఎండ దెబ్బ, పొరపాటున కొట్టేశాడు అన్నాడు. ఆసుపత్రికి వెళ్లి పోలిరాజుని అడిగారు, ఆ గంట ఎవరిదని. వాడు అబద్ధం ఆడడు.

"మాస్టారి గంటే. నాకు తెల్దా?" అన్నాడు.

అంతే, కాగితం తయారైంది. తప్పు గంట, బాధ్యుడు టైము చూసినవాడు, ఇక మీదట ఏ పోటీలోనూ కూర్చోరాదు. క్లబ్బువాళ్లు నన్ను కూడా గుడ్డ సంచిలో వేసి మాస్టారి చేతికిచ్చేశారు. వాళ్లకి కంపెనీ కొత్త బజరు కొనిచ్చింది లెండి.

ఇంట్లో కిటికీ గట్టు మీద పెట్టాడు నన్ను. మొదట్లో, "నేను కొట్టలేదు" అనేవాడు వచ్చినవాళ్లతో. పోనుపోను ఆ మాట తగ్గింది. ఆ వీడియో పక్కింటివాళ్ల ఫోనులో పదే పదే చూసేవాడు. చెయ్యి పెట్టాను కదా, పెట్టానంటే కొట్టే ఉంటాను, కొట్టకుండా ఎందుకు పెడతాను? ఇలా తనలో తను గొణుక్కునేవాడు. తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, అది ఎవరిదో పరాయివాడిది అన్నట్టు చూసేవాడు. నాకేమో, నువ్వు కొట్టలేదయ్యా, ఆ రోజు నేను నోరు విప్పనే లేదు అని అరవాలనిపించేది. పుట్టుకే గొంతుగా పుట్టాను, ఒక్క మాట చెప్పలేను. ఇంతకంటే శాపం ఉందా?

మూడు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున్న మాస్టారు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, నన్ను సంచిలో పెట్టుకుని జాలరిపేట బయల్దేరాడు. తప్పు ఒప్పుకోవడానికి వెళుతున్నాడని నాకు అర్థమైంది. చెయ్యని తప్పు!

పోలిరాజు గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. సముద్రంలోకి వెళ్లనివ్వట్లేదు డాక్టర్లు. వల చివరలు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఉన్న ఒక్క కంటితో చిరుగు వెతుకుతున్నాడు. మాస్టారిని చూసి లేవబోయాడు.

"కూర్చో, పోలీ" అంటూ మాస్టారు వాడికెదురుగా నేల మీద కూలబడ్డాడు. సంచిలోంచి నన్ను తీసి ఇద్దరికీ మధ్యన పెట్టాడు. "నేనే కొట్టానురా. ఎలా కొట్టానో గుర్తు రావట్లేదు, కొట్టే ఉంటాను. చెయ్యి పెట్టాను కదా. నీ కన్ను నేనే తీసేశాను. తప్పైపోయిందిరా."

పోలిరాజు వల అలాగే ఎత్తి పట్టుకుని తల పక్కకి తిప్పుకున్నాడు. నూకరత్నం లోపల్నుంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మూడు నెల్లపాటు రాలేదేటి మాస్టారూ?" అంది. "తప్పు సేసినారని కాదు. రాలేదని ఏడిసినాడు."

అప్పుడు పక్కింట్లో మోగింది.

పక్కింటివాళ్లు యాప్ తెరిచారు. వచ్చే ఆదివారం పోటీకి ప్రకటన. దానికి మొదట గంట, తర్వాత పేర్లు, తర్వాత ధర. నా గొంతు గోడ దాటుకుని వచ్చింది.

పోలిరాజు చేతులు దిగిపోయాయి. వల ఒళ్లో పడింది. అదే క్షణాన మాస్టారి అరచేయి వచ్చి నా మీద అదుముకుంది. ఇద్దరిలో ఎవరూ కావాలని చెయ్యలేదు.

చెయ్యి నా మీదే ఉంది. మోత ఆగలేదు. గోడ అవతల నా గొంతు సన్నగా సన్నగా సాగుతూనే ఉంది.

పోలిరాజు ఆ చేతినీ, నన్నూ చూశాడు. 

"సెయ్యెట్టినారు కదా మాస్టారూ. ఇంకా మోగతందేటి?"

మాస్టారు అరచేయి ఇంకా గట్టిగా అదిమి చూశాడు.

"ఆ రోజు కూడా ఇలగే మోగినాది. నాను పడిపోయినాక కూడా సెవిలో మోగతానే ఉన్నాది. దెబ్బకి అనుకున్నాను. మీరు కొడితే అంతసేపు మోగదు. మీరెప్పుడు అంతసేపు మోగనిచ్చినారు?" పోలిరాజు మాస్టారి కుడిచేతిని తీసుకుని తన మొహానికి అదుముకున్నాడు. "మీరు కొట్టలేదు. నానే, ఆసుపత్రిలో, మీదేనని సెప్పీసినాను. నానే సెప్పీసినాను."

ఇద్దరు మగవాళ్లు నా మీద వంగి బావురుమన్నారు. నూకరత్నం మాత్రం ఏడవలేదు. పక్కింటికి పోయి ఆ ఫోను పట్టుకొచ్చి, గంట మళ్లీ వినిపించమని నిలబడింది. ఒకటికి పదిసార్లు విన్నారు. మాస్టారు నన్ను కొట్టి, చెయ్యి పెట్టి, రెండూ పక్కపక్కన విని చూశాడు. సౌండు మనిషి సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. "చెయ్యి పెట్టొద్దన్నాడమ్మా వాడు" అని నూకరత్నంతో చిన్నపిల్లాడిలా చెప్పాడు.

మర్నాడే ముగ్గురూ నన్ను పట్టుకుని కమిటీ ఆఫీసుకి వెళ్లారు. ఫైలు మూసేశాం అన్నాడు అక్కడి గుమాస్తా. తెరవమంటే, తెరవడానికి కొత్త ఆధారం కావాలన్నాడు. ఇదిగో ఆధారం అని నన్ను బల్ల మీద పెడితే, ఇది తీసేయండి, కాగితాలు నలుగుతున్నాయి అన్నాడు. పట్టువదలకుండా కంపెనీకి రాశారు. నెల తర్వాత లాయరు నోటీసు వచ్చింది. క్షమాపణ అనుకున్నారా? సదరు గంట శబ్దం మా సంస్థ ఆస్తి, మా అనుమతి లేకుండా బహిరంగ పోటీల్లో దాన్ని వాడరాదు అని రాశారు! నన్ను పోసింది వాళ్లా? చందాలు వేసింది వాళ్లా? టగ్గు పడవ కుళాయిలు వాళ్ల తాతలవా? నూకరత్నం ఆ నోటీసులో చేపలు చుట్టి మాస్టారికి కూరకి పంపించింది.

ఇప్పుడు నేను మళ్లీ షెడ్డులోనే ఉన్నాను. క్లబ్బు కుర్రాళ్లు బజరు పీకేసి నన్ను తెచ్చుకున్నారు. కమిటీ పోటీలకి పనికిరాను గానీ, సాయంత్రం సాధనకి నేనే. మాస్టారు మునుపటిలాగే స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చుంటాడు. కొడతాడు, సుత్తి వదిలేస్తాడు, అరచేయి పెడతాడు. పోలిరాజు ఇక ఆడలేడు, పిల్లలకి నేర్పుతున్నాడు.

మొన్న ఒక కొత్త పిల్లవాడు నేను మోగగానే ముచ్చటగా చేతులు దించేశాడు. మాస్టారు మెచ్చుకోలుగా తలూపాడు. పోలిరాజు మాత్రం గబగబా రింగు ఎక్కి ఆ పిల్లవాడి రెండు చేతులూ పట్టుకుని మళ్లీ మొహం దగ్గరికి ఎత్తాడు.

"గంట మోగినా సెయ్యి దించకు. ముందర మాస్టారికేసి సూడు. ఆయన సెయ్యి గంట మీద పడినాకే దించాల. గంటని నమ్మకు. తెలిసిందా?"

మాస్టారు తల దించుకున్నాడు. ఆయన అరచేయి ఇంకా నా మీదే ఉంది, వెచ్చగా. నలభై ఏళ్లలో నన్ను నమ్మొద్దన్న మొదటివాడు పోలిరాజు. వాణ్ని నేనేమనగలను?